ఇల్లు వాలలేదు, కెమేరా వాలింది

మా ఇంటి టీవీలో ఆ చిత్రం వేసి చూపించిన రోజున ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "పాపం, ఇల్లు బాగా ఒరిగిపోయిందండీ! సమయానికి అమ్మేశారు, మంచి పని చేశారు" అన్నారు.

పక్కనే పడక్కుర్చీలో ఉన్న మా అమ్మ ముఖం చిన్నబోయింది.

"ఒరగడమేమిటి బాబూ? 1931 లో మా మామగారు నిలబెట్టిన ఇల్లది. ఎన్ని గాలివానలు వచ్చినా ఒక్క దూలం కదల్లేదు" అంది.

నేను నేలచూపులు చూస్తూ కూర్చున్నాను. అమ్మ చెప్పిందే నిజం మరి. ఇల్లు ఒరగలేదు. ఒరిగింది నా చేతిలోని కెమేరా.

ఈ సంగతి పదిమందిలో చెప్పుకోవడం నాకేమీ గొప్ప కాదు. తెలుగు ఎం. ఏ. చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో సంధులూ సమాసాలూ చెప్పుకు బతుకుతున్న వాడికి కెమేరాలతో ఏం పని అని మీరు అడగనూ వచ్చు. కాని ఈ రోజుల్లో పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా ఎవరో ఒక కుర్రాడి చేతిలో ఈ పరికరం కనబడుతూనే ఉంది గనక, నేను తిన్న దెబ్బ మరొకరు తినకుండా ఉంటారేమోనని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మండువా లోగిలి

కోనసీమలో మా వూళ్ళో మాకొక మండువా లోగిలి ఉండేది. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, వాటి వెనక ఎనిమిది గదులు, పెరట్లో గిలక బావి. జ్ఞాతుల వాటాలు తేలేసరికి ఏళ్ళు పట్టి, చివరికి 2024 లో అమ్మకం కుదిరింది. కొనుక్కున్న వారికి కావలసింది స్థలం. ఇల్లు విప్పి, టేకు దూలాలూ తలుపులూ అమ్ముకుంటారట. నవంబరు నెలాఖరు సోమవారం నాటికి మేము తాళంచెవులు వారి చేతిలో పెట్టాలి.

"ఒక్కసారి నన్ను తీసుకెళ్ళరా నాన్నా. ఏ గదిలో ఏం జరిగిందో నడుస్తూ చెబుతాను. నీ కొడుకు కెమేరా ఉందిగా, దాంట్లో పట్టు" అంది అమ్మ.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు సహకరించవు. ఆవిడ తనంత తానుగా నన్ను ఏదైనా కోరడం నాకు తెలిసినంతలో అదే మొదలు.

మా అబ్బాయి పుణేలో ఉద్యోగానికి వెళుతూ తన కెమేరానూ, దాన్ని తగిలించి పట్టుకునే గింబల్ అనే పరికరాన్నీ ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. గింబల్ చూడని వారికి ఒక మాట. అది ఒక పిడి. పిడి మీద ఒకదానికొకటి అతికిన మూడు చేతులు. చేతులు కలిసే చోటల్లా ఒక మోటారు. చివరి చేతికి కెమేరా కూర్చుంటుంది. మన చెయ్యి వణికినా, పిడి అటూ ఇటూ వంగినా, మోటార్లు ఆ వంపును వెనక్కి తిప్పి కెమేరాను నిటారుగా ఉంచుతాయి. "నాన్నా, మీట నొక్కడమే, మిగతాదంతా అదే చూసుకుంటుంది" అని వాడు ఫోనులో చెప్పాడు. నేను నమ్మాను.

ఆదివారం నాడు రాజమండ్రి నుంచి కారులో వెళ్ళాం. అమ్మ వీధి గుమ్మంలో కాలు పెట్టిన దగ్గర్నుంచి పెరటి బావి దాకా గంటన్నర సేపు నడుస్తూ, కూర్చుంటూ, చెబుతూనే ఉంది. 1963 లో పదిహేడేళ్ళ కోడలిగా తాను కుడికాలు పెట్టిన గడప, పురుళ్ళు పోసుకున్న గది, మా నాన్నగారు పరీక్షలకు చదువుకున్న మేడమెట్లు. నేను వెనకాలే గింబల్ పట్టుకుని నడిచాను.

ఇంటికి వచ్చి చూసుకుంటే ఏముంది! గడపలూ స్తంభాలూ నెమ్మదిగా కుడివైపుకు వాలుతున్నాయి. ఒకసారి సర్దుకుంటాయి, మళ్ళీ వాలుతాయి. అమ్మ ఆగి నిలబడిన చోటల్లా బొమ్మ సన్నగా గజగజలాడుతోంది. కాలవ మీద పడవలోంచి తీసినట్టుంది. ఆ స్థితిలోనే మా హెడ్మాస్టరుగారు చూడడం తటస్థించింది.

"మరొక్క ఆదివారం ఉందిగదండీ, మళ్ళీ వెళ్ళి రండి" అంది మా ఆవిడ.

వెళ్ళవచ్చు. కాని ఉన్నది ఒక్క ఆదివారం. ఆలోగా ఈ వాలు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చుకోకపోతే, అమ్మ మోకాళ్ళ నొప్పి దండగ.

శిష్యుడు గురువైన వైనం

మా కాలేజీలో చదివి, ఇప్పుడు పెళ్ళిళ్ళకి వీడియోలు తీసుకుంటున్న శిష్యుడొకడు ఉన్నాడు. కబురు పెట్టాను. సాయంత్రం వచ్చాడు. చిత్రం రెండు నిమిషాలు చూశాడు. గింబల్ చేతిలోకి తీసుకున్నాడు.

"మాస్టారూ, స్విచ్చి వేయక ముందు దీని తూకం చూశారా?" అన్నాడు.

"తూకమా? మోటార్లున్నాయి కదయ్యా!"

వాడు నవ్వు ఆపుకున్నాడు. క్లాసులో నేను అలా ఆపుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి కనుక గుర్తుపట్టాను.

"మోటార్లున్నది మీ చేతి వణుకును ఆపడానికండీ, కెమేరాను మొయ్యడానికి కాదు. మోసే పని ఇరుసుది. కెమేరా బరువు ఇరుసుకు అటూ ఇటూ సమంగా ఉంటే మోటారుకు పనే లేదు. వణుకు వచ్చినప్పుడు మటుకు చిన్నగా సర్దుతుంది. బరువు ఒక పక్కకు ఉందనుకోండి, మోటారు పొద్దస్తమానం ఆ బరువును ఎత్తిపట్టుకునే ఉండాలి. అలిసిపోతుంది, వేడెక్కుతుంది, బ్యాటరీ తాగేస్తుంది. ఇక వణుకు ఆపడానికి దానికి బలమెక్కడిది?"

అప్పటి దాకా మాటలు వింటున్న అమ్మ, "ఖాళీ తక్కెడకే ముల్లు నిలవకపోతే, నిండు తక్కెడకు ఏం నిలుస్తుందిరా?" అంది.

మా మాతామహులకు ధాన్యం కొట్టు ఉండేది. కాటా కట్టే ముందు సిబ్బెలు రెండూ సరిగ్గా లేకపోతే తేలిక వైపున చిన్న రాయో, ఇనపముక్కో కట్టి ముల్లు నిలబెట్టేవారట. దాన్నే పాసంగం అంటారు. "వాడు వీడికి పాసంగానికి కూడా చాలడు" అని మనం అలవోకగా అనే మాట ఆ కాటా దగ్గర పుట్టిందే. మా శిష్యుడు సంబరపడి, "మామ్మగారూ, సరిగ్గా అదేనండీ! బరువైన లెన్సులకి మేమూ వెనకాల పాసంగం బిళ్ళలు బిగిస్తాం. పేరే తెలియదు" అన్నాడు.

మాటకు మూలం వెతకడం నాకు జబ్బు. ఆ రాత్రి గింబల్ సంగతి చూశాను. కవలలు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఉంగరాల జంటను చెప్పే మాట పుట్టి, దాన్నుంచి ఇది వచ్చింది. ఒకదానిలో ఒకటి తిరిగే వలయాల నడుమ వేలాడదీస్తే, బయటి చట్రం ఎటు తిరిగినా లోపలి వస్తువు నిటారుగానే ఉంటుంది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దపు గ్రీకు ఇంజనీరు ఫైలో పేరిట ఉన్న గ్రంథంలోనే, ఎటు తిప్పినా సిరా ఒలకని సిరాబుడ్డి ఒకటి ఉంది. పదహారవ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో దీన్ని వర్ణించినందువల్ల ఆయన పేరు దీనికి అతుక్కుంది. ఓడల్లో దిక్సూచిని ఇలాగే వేలాడదీసేవారు. సినిమాకు వస్తే, అమెరికాలో గారెట్ బ్రౌన్ 1970 లలో కనిపెట్టిన స్టెడికామ్‌కు కెమేరాను నిలబెట్టే మోటారు లేనే లేదు. బరువులు సమంగా సర్దడమూ, వేలితో తాకితే తిరిగే కీలూ, భారం మోసే స్ప్రింగు చెయ్యీ – అంతే. 1976 లో వచ్చిన 'రాకీ'లో దానితో తీశారు. 1989 నాటి మన 'శివ'లోనూ వాడారు. మోటార్లతో నడిచే చేతి గింబల్ 2013 తరవాత వాడుకలోకి వచ్చింది. అంటే తూకం వేల ఏళ్ళ నాటిది, మోటారు నిన్నటిది. నేను నిన్నటిదాన్ని నమ్మి పాతదాన్ని మరిచిపోయాను.

మూడు ఇరుసులు

మర్నాడు మా శిష్యుడు భోజనాల బల్ల మీద గింబల్ పెట్టి పాఠం మొదలుపెట్టాడు. ముందుగా స్విచ్చి కట్టేశాడు. తూకం ఎప్పుడూ మోటారు నిద్రపోతున్నప్పుడే చూడాలి.

తరవాత కెమేరాకు ఉండవలసినవన్నీ తగిలించాడు. బ్యాటరీ, కార్డు, లెన్సు, మైకు. తీసెయ్యవలసినవి తీసేశాడు. లెన్సు మూత, మెడపట్టీ. జూమ్ లెన్సు అయితే ఏ దూరానికి పెట్టి తీయదలచుకున్నామో అక్కడికే తిప్పి ఉంచాలి. గొట్టం ముందుకు సాగితే బరువూ ముందుకు పోతుంది. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే దొరికింది. అమ్మ గొంతు పట్టుకునే తీగలేని మైకు తాలూకు పెట్టెను ఆ రోజున చివర్లో గుర్తు వచ్చి కెమేరా నెత్తిన తగిలించాను. దాని నుంచి కెమేరాలోకి వెళ్ళే తీగ చేతికి చుట్టుకుని కెమేరాను ఒక పక్కకు లాగుతోంది కూడా.

గింబల్‌కు ఇరుసులు మూడు. టిల్ట్, రోల్, పాన్. వీటిలో రోల్ వంటింటి రోలు కాదు, పాన్ తాంబూలమూ కాదు. కెమేరా తల వంచి ఎత్తేది టిల్ట్. పడవలా పక్కకు ఒరిగేది రోల్. గుమ్మం తలుపులా ఇటూ అటూ తిరిగేది పాన్. ఈ వరసలోనే సర్దాలి. ఒకదాన్ని చూస్తున్నప్పుడు తక్కిన రెండింటికీ గొళ్ళెం వేసి ఉంచాలి. గొళ్ళేలు లేని రకమైతే చేత్తో పట్టుకోవాలి.

టిల్ట్‌లో పని రెండు భాగాలు. లెన్సును ఎదురుగా నిలిపి వదలండి. ముక్కు కిందికి వాలితే ముందు బరువు ఎక్కువ, కెమేరాను వెనక్కి జరపాలి. ముక్కు పైకి లేస్తే ముందుకు జరపాలి. జరపడమంటే గోరంత. నేను వేలెడు జరిపి, అది ఇటు పడితే మళ్ళీ వేలెడు అటు జరుపుతూ అరగంట గడిపాను.

చివరికి కెమేరా తిన్నగా నిలబడింది. "అయిపోయిందోయ్" అన్నాను.

"ఇంకా లేదండీ" అని వాడు దాని ముక్కును పట్టుకుని ఆకాశం వైపు తిప్పి వదిలాడు. టప్పున వెనక్కి పడింది.

ఈ ముక్క నాకు ఎన్నడూ తోచి ఉండేది కాదు. అడుగు బరువున్న తంజావూరు బొమ్మను చూడండి. ఎటు పడదోసినా లేచి నిలబడుతుంది. అంతమాత్రాన దానికి తూకం ఉన్నట్టా? లేదు. అడుగున బరువు ఉంది, అంతే. కెమేరా కూడా ఇరుసుకు కిందికి బరువై ఉంటే ఎదురుగా ఉన్నంతసేపూ బుద్ధిమంతుడిలా తిన్నగా నిలబడుతుంది. వంచినప్పుడు దాని గుణం బయటపడుతుంది. అందుకని లెన్సును నిలువునా పైకి తిప్పి వదలాలి. ముందుకు పడితే కింద బరువు ఎక్కువ. కెమేరాను కొంచెం పైకి జరపాలి. వెనక్కి పడితే పైన బరువు ఎక్కువ, కిందికి జరపాలి. నాది వెనక్కి పడింది. నెత్తిన పెట్టిన మైకు పెట్టె మహిమ! దాన్ని లెక్కలోకి తీసుకుని కిందికి జరిపాక, ఎదురుగా పెట్టినా, పైకి పెట్టినా, మధ్యలో వాలుగా వదిలినా వదిలిన చోటే నిలిచింది.

గరిమనాభి సరిగ్గా ఇరుసు మీదికి రావడమంటే ఇదే. తనంత తాను తిన్నగా వచ్చేది తూకం కాదు. ఎక్కడ వదిలితే అక్కడ నిలిచేది తూకం. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే తక్కినదంతా మీరే చేసుకోగలరు.

రోల్ చూడడం సులువు. గొళ్ళెం తీసి వదిలితే కెమేరా ఎడమకు ఒరిగిందా, కుడివైపుకు జరపాలి. కుడికి ఒరిగితే ఎడమకు. పాన్‌కు మటుకు గింబల్ నిలువుగా ఉండగా ఏమీ తెలియదు. పిడిని నేలకు సమాంతరంగా అడ్డంగా పట్టుకోవాలి. అప్పుడు చేతిని అటూ ఇటూ తిప్పి వదిలితే ఏ వైపు బరువు ఉంటే ఆ వైపు కిందికి తిరుగుతుంది. దానికి తగ్గట్టు చేతిని జరిపి బిగించాలి. అంతా అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చి టిల్ట్ ఒకసారి చూసుకోవాలి. ఒకచోట జరిపింది మరొకచోట కాస్త తేడా చేస్తుంది.

కెమేరాలకే గాని ఫోనుకు ఇవన్నీ ఎందుకంటారేమో. ఫోను పెట్టే చిన్న గింబల్‌కు సర్దుబాట్లు తక్కువ. కాని న్యాయం అదే. బరువైన తొడుగు తీసెయ్యండి. కొక్కెం సరిగ్గా ఫోను నడుమకు వచ్చేలా పెట్టండి. స్విచ్చి వేయక ముందే ఫోను తగిలించండి. వదిలితే ఇంచుమించు అడ్డంగా నిలిచిందంటే మోటారుకు కష్టం లేనట్టే.

మూడు వాలులు, మూడు కారణాలు

తూకం కుదిరింది. స్విచ్చి వేశాం. మోటార్లు తుమ్మెదలా రొద చేశాయి. కెమేరా మీద చెయ్యి వేస్తే చీమలు పాకినట్టుంది. అమ్మ ఆగిన చోటల్లా బొమ్మ గజగజలాడిన రహస్యం అదీ. వణుకు చూసి భయపడి, ఆ రోజున నేను మోటార్ల బలాన్ని గరిష్ఠానికి పెట్టాను. బలం తక్కువైతే కెమేరా మందకొడిగా ఊగుతుంది. ఎక్కువైతే మోటారు గోరంత వంపుకు కొండంత దెబ్బ వేస్తుంది, ఆ దెబ్బకు మళ్ళీ ఎదురు దెబ్బ వేస్తుంది. అదే ఆ రొద. తూకం చూసుకున్నాక గింబల్‌లోనే ఉండే ఆటో ట్యూన్ నడిపితే, కెమేరా బరువును బట్టి బలాన్ని అదే ఎంచుకుంటుంది. అప్పటికీ రొద ఉంటే ఏ ఇరుసులో ఉందో చేత్తో తాకి తెలుసుకుని, దాని బలం కొంచెం తగ్గించాలి. వదులుగా ఉన్న మరలు కూడా ఇలాగే మోగుతాయి, వాటినీ బిగించుకోవాలి.

రొద పోయింది. కాని గుమ్మం ఇంకా కొంచెం వాలుగానే ఉంది!

"తూకం వేరు, మట్టం వేరు మాస్టారూ" అన్నాడు మా వాడు. కెమేరా కింద బిగించే పలకను చూపించాడు. పలక మీద కెమేరా రవంత ఏటవాలుగా కూర్చుంది. మర విప్పి, పలక అంచుకు కెమేరాను ఆనించి మళ్ళీ బిగించాడు. సగం వాలు అక్కడే పోయింది.

మిగతా సగం గింబల్ బుర్రలో ఉంది. అందులో రెండు రకాల గ్రాహకాలుంటాయి. గైరోస్కోపు ఎంత వేగంగా తిరుగుతున్నామో చెబుతుంది. యాక్సిలరోమీటరు భూమి ఎటు లాగుతోందో, అంటే కిందు ఎటో చెబుతుంది. గైరో లెక్కలో ఆవగింజంత తప్పున్నా క్షణక్షణానికీ కూడుకుంటూ పోతుంది. అందుకే నా గుమ్మాలు ఒక్కసారిగా కాక నెమ్మదిగా వాలాయి. ఆ తప్పును సున్నా చేయడమే కాలిబ్రేషన్. దానికి గింబల్‌ను కదలని చోట పెట్టి, ముట్టుకోకుండా, మీట నొక్కి దూరంగా ఉండాలి.

"ఆ రోజున కాలిబ్రేషన్ చేశారా?"

"చేశానోయ్. వెళ్ళగానే చేశాను."

"ఎక్కడ పెట్టి చేశారు?"

నేను జవాబు చెప్పలేదు. అమ్మ చెప్పింది.

"మండువాలో ఉయ్యాలబల్ల మీద నాయనా. నేనూ దాని మీదే కూర్చున్నాను."

మా ఆవిడ నవ్వు వంటింట్లోంచి వినబడింది. ఊగే బల్ల మీద, ఊగుతున్న మనిషి పక్కన పెట్టి, "ఇదే కదలని స్థితి, గుర్తుపెట్టుకో" అని పాపం ఆ యంత్రానికి చెప్పాను. అది గురువు మాట నమ్మింది.

ఈసారి గచ్చు నేల మీద పెట్టి చేశాం. అప్పటికీ మిగిలిన వెంట్రుకవాసి తేడాను ఫోనులోని దాని యాప్‌లో సరిచేసుకోవచ్చు. తాపీమేస్త్రి రసమట్టాన్ని కెమేరా మీద పెట్టి బుడగ నడుమకు వచ్చే దాకా సర్దాం. దూర ప్రయాణం చేసినా, ఎండలోంచి చల్లని గదిలోకి మారినా కాలిబ్రేషన్ మళ్ళీ చూసుకోవడం మంచిదట. మలుపులు తిరిగే కారులో తీస్తే ఎంత సరిచేసినా కాసేపు వాలవచ్చు. మలుపు వేగం ఆ గ్రాహకాన్ని మోసగించి, కిందు పక్కన ఉందనిపిస్తుంది.

చివరగా నా నడక. గింబల్ వంపుల్నీ తిరుగుళ్ళనీ ఆపగలదే గాని, మనం అడుగు వేసినప్పుడల్లా మొత్తం పరికరం పైకీ కిందికీ ఎగిరే ఎగురును ఆపలేదు. దానికి మోకాళ్ళు కొంచెం వంచి, మడమ ఆన్చి, పాదం నెమ్మదిగా దించుతూ నడవాలి. నేను పెరట్లో అభ్యాసం చేస్తుంటే మా ఆవిడ చూసి, "నిండు బిందె చంకనెత్తుకున్నట్టు నడవండీ, సరిపోతుంది" అంది. సరిపోయింది.

రెండవ ఆదివారం

ఆదివారం నాడు వీధి అరుగు మీద కూర్చుని, మైకూ తీగా అన్నీ తగిలించుకుని, స్విచ్చి కట్టేసి మూడు ఇరుసులూ చూసుకున్నాను. పది నిమిషాలు పట్టింది. వసారా గచ్చు మీద కాలిబ్రేషన్. అమ్మ ఉయ్యాలబల్ల ఎక్కబోయి, నా వైపు చూసి నవ్వి, మళ్ళీ దిగింది.

స్తంభాలు నిటారుగా వచ్చాయి. మండువాలో పడిన ఎండ తిన్నగా వచ్చింది. అమ్మ ఆగితే బొమ్మ ఆగింది. సాయంత్రం ఇంట్లో వేసి చూస్తుంటే హెడ్మాస్టరుగారు, "అబ్బ, ఎంత దిట్టమైన ఇల్లండీ! అనవసరంగా అమ్మేశారు" అన్నారు. అమ్మ ముఖం వెలిగింది.

కాని నాకు ఒకచోట మనసు చివుక్కుమంది. పురుటిగది. మొదటి ఆదివారం అక్కడ అమ్మ గోడలో ఉన్న దీపపు గూడు మీద చెయ్యి వేసి, నాకు ముందు ఒక ఆడపిల్ల పుట్టిందని, పదకొండు రోజులు బతికిందని, పేరు కూడా పెట్టలేదని, తాను మనసులో మటుకు ఒక పేరుతో పిలుచుకునేదాన్నని చెప్పింది. ఆ పేరు కూడా చెప్పింది. నలభై ఆరేళ్ళ వాణ్ణి, నాకొక అక్క ఉండేదని ఆ క్షణం దాకా తెలియదు. చేతిలో మోటార్లు రొద చేస్తున్నాయి, గుమ్మం వాలుతోంది, నేను వింటున్నాను.

రెండవసారి అదే గదిలోకి అంతే నెమ్మదిగా వచ్చింది. గూడు మీద అలాగే చెయ్యి వేసింది. కాసేపు నిలబడింది. "ఇది పురుటిగది" అంది. అంతే. ముందుకు నడిచింది. నేను అడగలేదు. అడిగి చెప్పించుకునే మాట కాదది.

మా శిష్యుడికి చెప్పాను. ఒకే తీరున వాలిన బొమ్మనైతే అంచులు కత్తిరించి నిటారు చేయవచ్చనీ, ఇలా మారుతూ పోయే వాలునూ, గజగజనూ పూర్తిగా తీయడం కుదరదనీ అన్నాడు. "పోనీ రెండవసారి తీసిన బొమ్మ వేసి, మొదటిసారి మాటలు దాని మీద పెట్టమంటారా?" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను.

"ఆ గది మటుకు మొదటిదే ఉంచు నాయనా" అంది అమ్మ.

అలాగే ఉంచాం. గంటంబావు చిత్రంలో ఆ రెండు నిమిషాలూ ఇల్లు ఒక పక్కకు వాలి, వణుకుతూ ఉంటుంది. చూసినవాళ్ళు ఎవరూ ఇంతవరకూ దాన్ని గురించి అనలేదు.

పాఠకులకు నేను మనవి చేసేది ఒక్కటే. మీ ఇంట్లోనూ ఈ పరికరం ఉంటే, పెద్దవాళ్ళు మాట్లాడడం మొదలుపెట్టక ముందే, స్విచ్చి కట్టేసి, పది నిమిషాలు తూకం చూసుకోండి. తప్పిన తూకాన్ని వచ్చే ఆదివారం సరిచేసుకోవచ్చు. వాళ్ళు చెప్పేది వచ్చే ఆదివారానికి ఉంటుందో, ఉండదో.